కార్డు కంటే ముందు కొలతలు

సొంతంగా కూర్చుకునే గేమింగ్ కంప్యూటర్‌లో సాధారణంగా అన్నిటికన్నా ఖరీదైనది గ్రాఫిక్స్ కార్డు. ఈ కార్డుల చరిత్రలో కెనడాకు ఘనమైన చోటుంది. 1985లో స్థాపించిన ఏటీఐ కంపెనీ అంటారియోలోని మార్కమ్ కేంద్రంగా ఎదిగింది. 2000లో రేడియాన్ పేరుతో కార్డులు తెచ్చింది. 2006లో ఏఎండీ దాన్ని సుమారు 540 కోట్ల అమెరికన్ డాలర్లకు కొనుక్కుంది. రేడియాన్ పేరు మాత్రం నేటికీ నిలిచే ఉంది.

ఏ కార్డు కావాలో ముందుగా చెప్పేది మానిటర్. 1080పీ తెరకు 8 జీబీ మెమరీ ఉన్న కార్డు చాలా ఆటలకు సరిపోతుంది. 1440పీ తెరకు 12 జీబీ, 4కేకి 16 జీబీ ఉంటే నిశ్చింత. ప్రాసెసర్ పాతదైతే ఎంత పెద్ద కార్డు పెట్టినా దాని వేగం పూర్తిగా బయటపడదు.

మదర్‌బోర్డు విషయంలో భయం అక్కర్లేదు. కార్డు దిగే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ తరం వేరైనా కార్డు పనిచేస్తుంది. అయితే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులు స్లాట్‌లోని 16 లేన్లకు (డేటా దారులకు) బదులు 8 మాత్రమే వాడతాయి కాబట్టి మూడో తరం బోర్డులో కొంత వేగం తగ్గవచ్చు.

అసలు జాగ్రత్త కరెంటు దగ్గర. స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్నుల కేబుల్ నుంచి 75, 8 పిన్నుల కేబుల్ నుంచి 150 వాట్లు అందుతాయి. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు చాలు. ఆర్‌టీఎక్స్ 4090కి 450 కావాలి, దానికి కనీసం 850 వాట్ల పవర్ సప్లై ఉండాలని తయారీదారే చెబుతుంది. 4090 వచ్చిన 2022లోనే కొందరి కార్డుల్లో 16 పిన్నుల కనెక్టర్లు కరిగిపోయాయి. ప్లగ్గు చివరిదాకా దిగకపోవడం దానికి ఒక ప్రధాన కారణం. ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య సందు కనిపించనంత వరకు నొక్కాలి. కనెక్టర్‌ను ఆనుకునే కేబుల్‌ను వంచకూడదు. ఒక పవర్ సప్లైతో వచ్చిన కేబుల్‌ను మరో కంపెనీ పవర్ సప్లైకి తగిలించకూడదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి తీగల వరస వేరుగా ఉండి భాగాలు కాలిపోవచ్చు.

తర్వాత కేసు. వెనుక స్లాట్ల దగ్గర టేపు ఆనించి ముందు ఫ్యాన్ల దాకా కొలవాలి. ముందు వైపు రేడియేటర్ ఉంటే, దాని మందాన్ని కూడా తీసేయాలి. ఎన్విడియా సొంత 4090 పొడవే 304 మిల్లీమీటర్లు, మందం మూడు స్లాట్లు. ఇతర కంపెనీల కార్డులు ఇంకా పొడవుగా ఉండవచ్చు.

కెనడా చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో గాలి పొడిబారి, కార్పెట్ మీద నడిచిన చేతికి స్టాటిక్ చేరుతుంది. కార్డు పట్టుకునే ముందు రంగు వేయని లోహాన్ని తాకాలి.

దుకాణంలో చీటీ మీద ఉండేది పన్ను కలపని ధర. 600 డాలర్ల కార్డు 13 శాతం పన్నుతో అంటారియోలో 678, 5 శాతంతో ఆల్బెర్టాలో 630 డాలర్లవుతుంది.

మానిటర్ రిజల్యూషన్, పవర్ సప్లై వాట్లు, కేసులో ఖాళీ. ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే దుకాణానికి బయల్దేరాలి.