లారీలు ఆపినవాళ్లే మొదలుపెట్టారు

కంపోస్టు కుండీ కంపు కొడుతోందంటే తడి ఎక్కువైందనో, గాలి చాలడం లేదనో అర్థం. రెండు గుప్పిళ్ల ఎండుటాకులు వేసి కలియబెడితే సర్దుకుంటుంది. బాల్కనీలో నాకు అబ్బిన విద్య ఇంతే. కేరళలోని అళప్పుళ మాత్రం దీన్ని ఊరుమ్మడిగా నేర్చుకుంది. తనంతట తాను కాదు, పక్క ఊరు నేర్పితే.

ఆ కాలువల పట్టణం ఏళ్ల తరబడి తన చెత్తను పొరుగునున్న సర్వోదయపురానికి తోలింది. కంపు భరించలేక అక్కడి జనం 2012లో లారీలకు అడ్డం పడ్డారు. పట్టణంలో చెత్త గుట్టలుగా పేరుకుంది. పంపడానికి మరో ఊరు లేదు. అప్పటి ఎమ్మెల్యే థామస్ ఐజాక్ చొరవతో ఇళ్లకు పైపు కంపోస్టు, బయోగ్యాస్ యూనిట్లు సబ్సిడీ మీద ఇచ్చారు. ఇంట్లో జాగా లేనివాళ్లకు వీధిలోనే తుంబూర్‌ముళి పెట్టెలు కట్టారు.

నాకు ముచ్చటగొలిపింది ఆ పెట్టె. పశువైద్య విశ్వవిద్యాలయం వారి తుంబూర్‌ముళి పశుక్షేత్రంలో పుట్టింది. సుమారు నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు. చుట్టూ గాలి ఆడే సందులు. అడుగున పచ్చిపేడ, పైన ఎండుటాకులు, ఆపైన తడిచెత్త, మళ్లీ పేడ. ఆవకాయ జాడీ నింపినంత శ్రద్ధగా నింపాలి. పేడలోని సూక్ష్మజీవులు పని అందుకోగానే లోపల వేడి పుడుతుంది. గాలి తగులుతుంది కాబట్టి కుళ్లుకంపు ఉండదు. మూడు నెలలకు ఎరువు చేతికొస్తుంది.

మన దేశంలో 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చెయ్యమన్నాయి. ‘వేరుచేసి ఏం లాభం, బండిలో అన్నీ కలిపేస్తారుగా’ అంటారు మావాళ్లు. అదీ నిజమే చాలాచోట్ల. కానీ గడప దాటని తడిచెత్తను ఎవరు కలుపుతారు? గడప దాటింది మాత్రం మరో ఊరి నెత్తిన పడుతుంది. హైదరాబాద్ చెత్తను మోస్తున్న జవహర్‌నగర్ వాసులు కంపు గురించి, పాడైన భూగర్భజలాల గురించి ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. వాళ్లది గొడవ అంటాం, మనం రెండు బుట్టలు పెడితే ప్రజా భాగస్వామ్యం అంటాం. నా లెక్కలో అసలు భాగస్వాములు ముందు వాళ్లే.

ఈసారి అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో గోడల రంగుల చర్చకు ముందే ఆ పెట్టెకు చోటు అడగండి. ఒక్క కారు నిలిపే జాగాలో రెండు పడతాయి.