గాలికి గొంతునిచ్చే పనివాళ్లు

అమెరికాలోని మాసచూసెట్స్‌లో గ్రోటన్ స్కూలు చాపెల్, అంటే ప్రార్థనామందిరం, ఉంది. అక్కడి పైపు ఆర్గాన్‌ను 1935లో ఏయోలియన్-స్కిన్నర్ కంపెనీ కట్టింది. రూపకర్త జి. డొనాల్డ్ హారిసన్, ఇంగ్లండు నుంచి వచ్చినవాడు. అప్పట్లో ఆర్గాన్లు బరువుగా, మందంగా మోగేవి. ఆయన తక్కువ గాలి ఒత్తిడితో, ఏ స్వరానికా స్వరం తేటగా వినబడే నాదం కోరాడు. బడిపిల్లలు పాడే చోట ఇంత శ్రద్ధ పెట్టడం నాకెంతో గొప్పగా తోస్తుంది.

అలాంటి ఆర్గాన్‌లో గాలితో పలికే గొట్టాల్లో ఒక్కదాని సంగతే చూడండి. తగరం, సీసం కలిపి కరిగించి, పొడవాటి బల్ల మీద రేకుగా పోస్తారు. చల్లారాక పలచగా గీకి, కత్తిరించి, గుండ్రటి దిమ్మె చుట్టూ వంచి అతుకుతారు. 8 అడుగుల గొట్టం పలికే స్వరమే పై స్థాయిలో కావాలంటే 4 అడుగులు చాలు. చిట్టచివరి గొట్టాలు పెన్సిలంతే.

అసలు విద్య ఆ తరువాతే. గొట్టం కింది భాగాన పిల్లనగ్రోవికున్నట్టే నోరుంటుంది. పనివాడు దాని పెదవిని వెంట్రుకవాసి లోపలికో బయటికో జరిపి, గాలి దారి సవరించి, ఊది వింటాడు. వెంటనే పలకాలి, కీచుమనకూడదు, పక్క గొట్టంతో కలిసిపోవాలి. వర్క్‌షాపులో అన్నీ కుదిరినా పని అయినట్టు కాదు. చాపెల్‌లో బిగించాక, ఆ గోడల ప్రతిధ్వనికి తగ్గట్టు ఒక్కో గొట్టాన్నీ మళ్లీ సరిచేస్తారు.