వాన పెట్టే పనులు

మృగశిర వెళ్లి ఆరుద్ర కార్తెలో పడ్డాం. పొద్దున్నే మబ్బు కమ్ముకుంటే ఏ ఇంట్లోనైనా మొదట వినిపించే మాట ఒకటే: "ఈ వానలో ఏం పని చేస్తాం, వేడివేడిగా ఏమన్నా చేసుకుని తిందాం." మిరపకాయ బజ్జీలంటే నాకూ ఇష్టమే. కానీ ఇన్ని వానాకాలాలు చూశాక నా మనసుకు గట్టిగా తోచేది వేరు. వాన ఇచ్చే సంతోషంలో కూర్చుని చూసేది కొంతే. మిగతాదంతా వాన మన చేత చేయించే పనుల్లో ఉంది. గింజ పెట్టడం, నీళ్లు పట్టడం, తొక్కు జాడీ చూసుకోవడం, కాలువలో చెత్త తీయడం, గోడ వారన మొలిచిన కూర గిల్లుకోవడం. ఈ పనులు చేసిన ఏడు వానాకాలం కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది. చేయని ఏడు ఆరని బట్టలూ చెమ్మగిల్లిన గోడలూ తప్ప ఏమీ గుర్తుండవు.

హన్మకొండలో మా మిద్దె మీద ఒక ప్లాస్టిక్ సీసా పెట్టి ఉంచుతాను. నిలువుగా, పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున్న సీసా. మూతి భాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టాను. అడుగున గుంటలూ గట్లూ ఉంటాయి కాబట్టి అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీసి, పైకి స్కేలు అంటించాను. చెట్టు నీడ, గోడ అడ్డం లేనిచోట ఉండాలి, అంతే. భారత వాతావరణ శాఖ రోజూ పొద్దున 8:30కి వాన కొలుస్తుంది. నేనూ ఆ వేళకే మెట్లెక్కుతాను. 2.5 మిల్లీమీటర్లు పడితేనే వాళ్ల లెక్కలో అది వాన పడిన రోజు. 64.5 దాటితే భారీ వర్షం. రాత్రంతా రేకుల మీద చప్పుడు విని ఎంతో పడిందనుకుంటామా, సీసాలో చూస్తే ఏడో ఎనిమిదో ఉంటుంది. చప్పుడు లేకుండా తెల్లవార్లూ పట్టిన ముసురు ముప్పై దాటించేస్తుంది. ఈ కొలత మొదలుపెట్టాకే నాకు వానల తీరు తెలిసొచ్చింది.

మా అమ్మ ఊళ్లో ఉంటుంది. నేను కిందికి దిగేలోపే ఫోన్.

"ఎంత పడ్డది బిడ్డా?"

"ఇరవై మిల్లీమీటర్లు అమ్మా."

"అదేందో నాకు తెల్వది. పదును ఎంత దిగింది, అది చెప్పు."

తను చెలకలోకి పోయి కొడవలి కొనతో మట్టి తవ్వి చూస్తుంది. పైన తడిగా కనిపించే మట్టిని నమ్మదు. పిడికిట్లోకి తీసుకుని పిసికితే ముద్ద కావాలి, వదిలి వేలితో మీటితే పొడి రాలాలి. అలా ఎంత లోతు దాకా ఉందో చూసి బెత్తెడు అనో జానెడు అనో తేలుస్తుంది. వర్షాధార పంటలకు 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే గింజ పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అమ్మ జానెడు పదును చూశాక కానీ పత్తి గింజ చేతికి తీసుకోదు. తన జానెడుకీ నా సీసా లెక్కకీ ఏటా పొంతన కుదురుతూనే ఉంది. తొలకరి పడగానే ఆత్రపడి విత్తి, తర్వాత పదిహేను రోజులు చినుకు లేక రెండోసారి విత్తనాలు కొనే రైతులను చూస్తే ఆ జానెడు విలువ తెలుస్తుంది.

మిల్లీమీటర్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పి తీరాలి. చదరపు మీటరు జాగా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఇరవై మిల్లీమీటర్లు కురిసిన రాత్రి ఆ మిద్దె మీద పడ్డవి 1,860 లీటర్లు. మనం డబ్బులిచ్చి కొనే ఇరవై లీటర్ల క్యాన్లలో అయితే 93 క్యాన్లు! ఆవిరయ్యేదీ చిందేదీ తీసేసినా ఎక్కువ భాగం మనకు మిగులుతుంది. మొదటి వానని దుమ్మూ పిట్టల రెట్టలూ కడగడానికి వదిలేయాలి. తర్వాతి వాననుంచి గొట్టాన్ని ఇంకుడు గుంతలోకి తిప్పుకోవాలి. రాత్రి పది గంటలకు వాన అందుకుంటే గొడుగేసుకుని పోయి గొట్టం మూత తిప్పి, గుంతలోకి గలగలా నీళ్లు దిగుతున్న చప్పుడు విని వచ్చి పడుకుంటే పట్టే నిద్ర మామూలు రోజుల్లో పట్టదు.

వానని ఇంత ప్రేమగా చెప్పేటప్పుడు ఒక అంకె మరిచిపోకూడదు. 649.8 మిల్లీమీటర్లు. 2023 జులై చివరి వారంలో మా పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో పడిన వాన అది. ఆ రోజుల్లోనే భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచేసింది, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. వరంగల్, హన్మకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అప్పటి నుంచి ఏటా మృగశిరకు ముందే మా వీధివాళ్లం కలిసి ఇళ్ల ముందు కాలువ పలకలు ఎత్తి చూస్తున్నాం. పారతో లాగుతుంటే పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి చిప్పలు బయటపడతాయి. అదంతా మనం పారేసిందే. కుంభవృష్టిని మనం ఆపలేం. మామూలు వానకి మునగకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో పని.

ఆరుద్ర అనగానే ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్క లాంటి పురుగు గుర్తొస్తుంది. ఆరుద్ర పురుగు. తొలి వానలకు నేలలోంచి బయటికొచ్చి కొద్ది రోజులు తిరిగి, గుడ్లు పెట్టి మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతుంది. దీనికి ఎనిమిది కాళ్లు. సాలీడుకి చుట్టం. అరచేతిలోకి తీసుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది, కాస్త ఓపిక పడితే మెల్లగా నడక మొదలుపెడుతుంది. సిమెంటు పరిచిన వాకిట్లో అది పుట్టదు. అమ్మ దగ్గరికి పోయినప్పుడు చెలక గట్టు మీద పిల్లలు దాని కోసం ఒంగొని వెతుకుతుంటే, వాళ్ల ముక్కుకి తడి మట్టి వాసన కూడా తగులుతుంది. ఆ వాసన మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్‌ది. బీట్‌రూట్‌లో వచ్చే మట్టి వాసన కూడా దానిదే. మన ముక్కు దాన్ని ఎంత తక్కువున్నా పట్టేస్తుంది.

నాకు ఈ కాలంలో అన్నిటికంటే ఇష్టమైన పని బీరపాదు దగ్గర ఉంది. గింజలు రాత్రి నానబెట్టి పెడితే వారం తిరిగేసరికి మొలక వస్తుంది. మిద్దె మీద పెద్ద టబ్బులో సగం మట్టి, మిగతా సగం పశువుల ఎరువూ ఆకుల ఎరువూ కలిపి రెండు మొక్కలకు మించకుండా ఉంచాలి. నెలన్నర లోపల పందిరికి అల్లుకుని పూత మొదలవుతుంది. ముందు వచ్చేవన్నీ మగపూలే, గుత్తులు గుత్తులుగా వస్తాయి. కొత్తగా పెంచేవాళ్లు "పూలొస్తున్నాయి, కాయ నిలవట్లేదు" అని దిగులు పడేది ఇక్కడే. కొన్నాళ్లు ఆగాలి. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని వెనక చిటికెన వేలంత పిందె, ఆ పిందె మీద అప్పుడే గట్లు కనిపిస్తుంటాయి.

బీరపువ్వు పొద్దున విచ్చుకోదు. సాయంత్రం అయిదు దాటాక, దీపాలు పెట్టే వేళకి ఒక్కొక్కటే విప్పుకుంటుంది. అది రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం పూసే పువ్వు. ముసురు పట్టిన సాయంత్రం ఆ పురుగులు రావు, వాన జోరుగా ఉంటే పుప్పొడి కొట్టుకుపోతుంది, నాలుగు రోజుల్లో పిందె పసుపుబారి రాలిపోతుంది. అందుకే చినుకులు తెరిపిచ్చిన కాసేపట్లో నేను పైకి వెళ్తాను. మగపువ్వు ఒకటి తుంపి, రేకులు వెనక్కి మడిచి, పసుపు పొడి అంటిన నడిమి భాగాన్ని ఆడపువ్వు నడుమ మెల్లగా రాస్తాను. ఒక్క మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. అప్పుడు ఆ పందిరి కింద ఒక సన్నని తీయటి వాసన ఉంటుంది. మూడో రోజుకి పిందె తలవంచి నిగనిగలాడుతూ సాగితే కాయ నిలిచినట్టే. బజారులో కిలో బీరకాయలు కొన్నప్పుడు ఈ సంతోషం లేదు, ఉండదు కూడా. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దెతోటని ఎన్నో ఇళ్లకు అలవాటు చేశారు. నేలే లేని పట్నం ఇళ్లకు వానాకాలం పనిని తిరిగి ఇచ్చారు, అది చిన్న విషయం కాదు.

ఇంట్లో పని వంటింటి అటక మీంచి మొదలవుతుంది. ఎండాకాలంలో పెట్టిన మామిడికాయ తొక్కు ముక్క మీద నూనె ఒక వేలు మందాన తేలుతుండాలి. తగ్గితే నూనె కాచి, పూర్తిగా చల్లార్చి పోయాలి. గరిటె పొడిగా ఉండాలి, తడి చెయ్యి జాడీలో పడకూడదు. బియ్యంలో వేపాకు, ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు. ఇక ఎండపొడ వచ్చిందంటే చాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు, కందిపప్పు చాటలతో సహా పైకి చేరతాయి. మళ్లీ మబ్బు కమ్మగానే ఇంటిల్లిపాదీ మెట్ల మీద ఉరుకులే. చదువుకునే పిల్లలు పుస్తకం వదిలి, ముసలివాళ్లు "చాట, చాట!" అని కేకేస్తూ. ఆ పది నిమిషాల్లో ఇంట్లో ఎవరూ ఫోన్ ముట్టుకోరు.

తొలి ఏకాదశికి జొన్న పేలాల పిండి, బెల్లం. ఆషాఢంలో గోరింటాకు, రాత్రి పెట్టుకుంటే మర్నాటికి ఇంకా ముదిరే ఎరుపు. ఇవి అందరికీ తెలిసినవే. శ్రావణం దాటాక మక్క గారెల సంగతి మాత్రం చెప్పాలి. కంకి పాలకంకీ కాకూడదు, ముదిరినదీ కాకూడదు. గోటితో గింజ నొక్కితే చిక్కటి పాలు రావాలి. పచ్చిమిరపకాయలు, అల్లం, జీలకర్రతో కచ్చాపచ్చాగా, చుక్క నీళ్లు పోయకుండా నూరాలి. నీళ్లు తగిలితే గారె నూనె తాగుతుంది. ఉల్లిగడ్డ, కొత్తిమీర కలిపి చేత్తో తట్టి వేస్తే అంచులు కరకర, నడుమ మెత్తన. కూర్చుని తినే వాన తిండ్లలో నా ఓటు దీనికే.

అడగకుండా మొలిచే కూరలు ఇంకో వైపు. పొనగంటి, గునుగు, వినాయక చవితికి తప్పక వండే తుమ్మికూర. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో మహిళా రైతులు సాగు చేయని ఈ కూరలనే పంటలతో సమానంగా చూస్తారు, కలుపు అని పీకి పారేయరు. మాకూ ఆ పద్ధతే మంచిది. లేత గునుగు ఆకు ఇప్పుడు పప్పులోకి వస్తుంది. గట్టున కొన్ని మొక్కలు వదిలితే అవే బతుకమ్మ నాటికి తెల్లటి, గులాబీ కుచ్చుల పూలై నిలబడతాయి. కలుపు మందు కొట్టిన చెలకలో ఈ రెండూ ఉండవు. బతుకమ్మ ముందు రోజు గునుగు పువ్వు కట్ట రేటు విని అబ్బో అనుకునేవాళ్లం, ఆ రేటు ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలి.

వానలు గట్టిగా పడిన ఏడు మా వైపు జనమంతా చెరువు నిండి పొర్లే మత్తడి చూడ్డానికి పోతారు. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలంలో కట్టిన చెరువులు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా మత్తడి దుంకితే సద్ది కట్టుకుని పిల్లాజెల్లతో వెళ్తారు. కట్ట మీద నిలబడి నీళ్లు చూస్తూ ఏ ఏడు ఎంత నిండిందో, కింద ఎన్ని ఊళ్ల పొలాలు పారతాయో పెద్దవాళ్లు చెబుతుంటే వినడం ఒక పాఠం. చెరువు కట్టినవాళ్లు చేసింది కూడా ఇదే కదా, కురిసిన వానకి ఒక పని చూపించారు.

ఇప్పుడు మీకు ఒక మాట. చిక్కుడు పాదు పగలు తగ్గితేనే పూస్తుంది. అందుకే వానల్లో పెట్టినది చలికాలంలో, సంక్రాంతి కూరకి అందుతుంది. ఆలస్యం చేస్తే తీగ ఎదగకముందే పూత వచ్చి కాపు తగ్గిపోతుంది. ఇంకా పెట్టనివాళ్లు ఈ ఆదివారమే నాలుగు గింజలు పెట్టండి. అంగుళం లోతు చాలు. పక్కింటివాళ్లకూ రెండు ఇవ్వండి.