చీకటిగదికి వడ్రంగి మాటలు

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించినది. 1968లో బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వాన వచ్చిన సంపుటం ఇండ్లు కట్టేవారి మాటలను పోగుచేసినది. పుస్తకాలలోంచి పుస్తకాలు పుట్టే కాలంలో పనివారి నోటినుండి పదాలను ఏరుకొనుట గొప్ప సాహసమే. కాని శాస్త్రగ్రంథాలు వ్రాసేవారు ఆ రాశిని ఎంత తక్కువగా వాడుకొన్నారో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చాలును. ఫొటోలు కడుగుకొనే చీకటిగదిని ఇంట్లో కట్టించుకొనే విధానాన్ని తెలుగులో వ్రాసి చూడవలెను.

డిజిటల్ కెమెరాలు వచ్చిన తర్వాత ఇట్టి గదులు అరుదైనవి. అయినా నలుపు-తెలుపు ఫిలిముమీద మక్కువ తీరనివారు ఇంకా ఉన్నారు. పేరులోనే కమ్మరి ఉన్న కమ్మర్‌పల్లిలో అట్టి యువకుడొకడు ఉన్నాడనుకొందాము. అతడు వ్యాసం చదివి వడ్రంగిని పిలుస్తాడు. వ్యాసంలోని మాట వడ్రంగికి అందకపోతే గదిలోకి వెలుతురు దూరుతుంది, ఫిలిము మసకబారుతుంది.

మొదట తలుపు సంగతి. తలుపు మూసినంతమాత్రాన చీకటి కాదు. రెక్కకు, దాన్ని పట్టే చట్రానికి నడుమ సందులోంచే కాంతి వస్తుంది. కోస్తాలో ద్వారబంధమనీ, నిజామాబాదు వైపు దర్వాజ అనీ అనేది ఈ చట్రాన్నే. రెంటినీ కలిపి ‘ద్వారం’ అని వ్రాస్తే గాడి దేనికి తీయవలెనో తెలియదు. దర్వాజకు గాడి తీసి, రెక్క అంచు అందులోకి దిగేటట్లు రందతో సాపుచేయమంటే చాలును. చిత్రిక అని వ్రాసినా మంచిదే, కాని పక్కనే రంద అనికూడ చెప్పవలెను. పై నుంచి వచ్చే కాంతికి గాడి అడ్డు, కింద నుంచి వచ్చే కాంతికి గడప అడ్డు. లోపలి గదులకు గడప మానివేసే నేటి అలవాటు చీకటిగదికి చేటు. టేకైనా వేసవిలో అడ్డకొలతలో కొంత తగ్గును. అందుచేత నల్లగుడ్డ పట్టీ ఒకటి అంచున కొట్టించుట మంచిది.

తలుపు లేకుండానే లోపలికి పోయే దారికి ఇంగ్లీషు పేరును ముక్కకు ముక్క మార్చి ‘కాంతి ఉచ్చు’ అంటే ఎలుకల బోను గుర్తుకు వస్తుంది. నిజానికి అక్కడ పట్టుబడేదేమీ లేదు. వెలుతురు సరళరేఖలో పోతుంది. మలుపు తిరగాలంటే గోడకు తగిలి వెనుకకు రావలె. మెరుపులేని నలుపు నూటికి అయిదు పాళ్ళు మాత్రమే తిరుగగొడితే, మూడుసార్లు తగిలిన తర్వాత మిగిలేది ఎనిమిదివేలలో ఒక పాలు. నూటికి ఎనభై పాళ్ళు తిరుగగొట్టే వెల్లవేసిన గోడలైతే సగానికి పైగా మిగులును! ‘మలుపుల మరుగుగోడ, లోపల నలుపు’ అంటే మేస్త్రీకి కట్టవలసినదీ తెలుస్తుంది, చదువరికి కారణమూ తెలుస్తుంది.

గాలి విషయం మరీ చమత్కారము. హైదరాబాదు ఉర్దూలో పైకిటికీని రోషన్‌దాన్ అంటారు, అనగా వెలుగునిచ్చేది. చీకటిగదిలో దానినుండి గాలి రావలె, వెలుగు రాకూడదు! ఇక్కడ మాత్రం పాతపేరు వదలి ‘గాలికంత’ అనుట మేలు. రెండు వంకరలు తిప్పి, లోపల నలుపు పూసి, నోటికి పలుచని గుడ్డ కట్టవలెను. పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే ఊళ్ళో ఆ గుడ్డ మరీ అవసరం. ఆరుతున్న నెగటివుమీద ధూళి పడితే మచ్చ పోదు. మామూలు డెవలపరు క్షారగుణం గలది గనుక, ఒలికిన చుక్క పసుపుకు తగిలితే ఎర్రబారి గుర్తు చూపుతుంది.

దీపానికి ‘సురక్షిత దీపం’ అని పేరు పెడితే 1815నాటి డేవీ గనిదీపంతో గందరగోళం. ఎర్రదీపం చాలును. కొన్ని కాగితాలకు నారింజరంగు దీపం పనికివస్తుంది, సాధారణ పాన్‌క్రోమాటిక్ ఫిలిముకు ఏ దీపమూ పనికిరాదు అని ఒక వాక్యం చేర్చవచ్చును. పేరు అక్షరార్థంలో పూర్తిగా సరిపోవలెనని పట్టుబట్టేవారు రసమట్టాన్ని చూడవలెను. రసమంటే పాదరసమే, కాని బుడగ ఆడే గాజుగొట్టంలో ఉండేది సారాయిజాతి ద్రవం. అయినా ఏ మేస్త్రీ బల్ల వంకరపోలేదు.

1968నాటి కోశం ప్లైవుడ్డు బల్లలకు, రబ్బరు పట్టీలకు సిద్ధంగా దొరకకపోవచ్చును. అది దాని దోషం కాదు. తర్వాతివారు మళ్ళీ పనివారి దగ్గరకు పోయి అడిగి చేర్చవలసిన పని అది. ఇక ఏ కోశమైనా పేరు చెప్పగలదేకాని ఎంత సందు ప్రమాదమో చెప్పలేదు. దానికి పరీక్ష వేరు. పగటిపూట తలుపు మూసి, దీపాలన్నీ ఆర్పి, పదిహేను నిమిషాలు లోపల కూర్చుంటే కళ్ళు చీకటికి అలవాటుపడి సందులు తామే కనబడును. అటుపైన ఫొటో కాగితంమీద రూపాయి బిళ్ళనుంచి, అయిదు నిమిషాలాగి డెవలపరులో వేయవలెను. బిళ్ళ ఆకారం తెల్లగా తేలితే వెలుతురు ఇంకా దూరుతున్నట్లే. సుద్దతో గుర్తుపెట్టిన ప్రతి సందులోను లప్పం పెట్టించి, మరునాడు మళ్ళీ చూడవలెను.