వలసా? యాత్రా? - జేకబ్ లారెన్స్ బొమ్మల దారి

చిత్రకారుడు ఊళ్లు తిరిగొచ్చి కొత్త బొమ్మల వరస మొదలుపెట్టాడంటే మన కళావిమర్శకులకు పండగే. కొండలు, ఘాట్లు, గుడిగోపురాలు, సంతలో రంగురంగుల చీరెలు, అన్నిటినీ 'యాత్రానుభవం' ఖాతాలో రాసేస్తారు. ఆ ప్రయాణానికి ఖర్చు ఎవరు పెట్టారు, దిగిన చోట అతనికి ఇల్లెవరిచ్చారు, ఏ బావిలో నీళ్లు తోడుకోనిచ్చారు అని మాత్రం అడగరు. మేము అడుగుతున్నాం. ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమందికి ప్రయాణమంటే యాత్ర కాదు, వలస. చూడాలనిపించి పోయేది యాత్ర. ఉన్నచోట బతకనియ్యకపోతే పోయేది వలస. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే సౌందర్యశాస్త్రం మనకు పనికిరాదు.

ఈ తేడాను రంగుల్లో తేల్చి చూపినవాడు అమెరికా నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ (1917-2000). నల్లవాళ్ల పోరాటం మనకు పరాయిది కాదు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ తమ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచే తెచ్చుకున్నారు. వాళ్ల కవిత్వం గురించీ రాజకీయాల గురించీ మనం మాట్లాడుకున్నంతగా వాళ్ల బొమ్మల గురించి మాట్లాడుకోలేదు.

లారెన్స్ తల్లిదండ్రులు దక్షిణ రాష్ట్రాల నుంచి ఉత్తరానికి వచ్చినవాళ్లు. అతను 13 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లోని నల్లవాళ్ల పేట హార్లెంకు చేరాడు. మొదట బొమ్మలు నేర్చింది ఏ అకాడమీలోనో కాదు. బడి వదిలాక పేట పిల్లలు చేరే ఒక కేంద్రంలో, చార్లెస్ ఆల్స్టన్ అనే నల్ల చిత్రకారుడి దగ్గర. 1940లో రోజెన్‌వాల్డ్ ఫండ్ నుంచి 1,500 డాలర్ల ఫెలోషిప్ వచ్చింది. హార్లెంలోనే ఒక గది అద్దెకు తీసుకుని, 60 బొమ్మల 'వలస' వరసకు దిగాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి లక్షల మంది నల్లవాళ్లు పత్తిచేలు వదిలి ఉత్తరాది నగరాలకు తరలిపోయిన కథ అది.

అతను పనిచేసిన పద్ధతిని మన విద్యార్థులు జాగ్రత్తగా చూడాలి. ముందు హార్లెంలోని 135వ వీధి గ్రంథాలయంలో కూచుని చదివాడు. తర్వాత ఏ బొమ్మ కింద ఏ వాక్యం ఉండాలో రాసుకున్నాడు. ఆ తర్వాతే కుంచె పట్టాడు. త్వరలో అతన్ని పెళ్లాడబోయే చిత్రకారిణి గ్వెండొలిన్ నైట్ పలకలకు తెల్లపూత పూయడంలోనూ వాక్యాలు దిద్దడంలోనూ చెయ్యి కలిపింది. 12 అంగుళాలకు 18 అంగుళాల చిన్న పలకలవి. అరవైనీ ఒక్కసారే పనిలోకి తీసుకున్నాడు. ఒక రంగు కలిపితే అది ఎన్ని బొమ్మల్లో కావాలో అన్నింట్లోనూ వేసి, అప్పుడే ఇంకో రంగు ముట్టుకున్నాడు. నలుపుతో మొదలుపెట్టి లేత రంగుల వైపు నడిచాడు. పదిమంది ఆడవాళ్లు వరసగా వంగి నాటు వేసుకుంటూ పోయినట్టు సాగింది పని. ఇది పొదుపు కోసం చేసింది మాత్రమే కాదంటాం మేము. ఇట్లా చేస్తే ఏ ఒక్క బొమ్మా దొరగా కూచోదు. ఏ ఒక్క మనిషీ నాయకుడుగా నిలబడడు. అందరి వంటి మీదా అదే రంగు ముద్ద.

మొదటి బొమ్మలో స్టేషన్ గేట్ల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. గేట్ల మీద షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయీ అని పేర్లు. 15వ బొమ్మలో కొమ్మకు వేలాడే ఖాళీ ఉరితాడు, దాని దగ్గర ముడుచుకుని కూచున్న ఒక మనిషి. శవం ఉండదు. ఎవరిని చంపారో ఆ ముడుచుకున్న వీపే చెబుతుంది. ఉత్తరాది స్వర్గమని కూడా లారెన్స్ అబద్ధమాడలేదు. 49వ బొమ్మలో భోజనశాల మధ్య పసుపు తాడు, అటు తెల్లవాళ్లు, ఇటు నల్లవాళ్లు. 57లో పెద్ద కర్రతో బట్టలు కలియబెడుతున్న చాకిరీ మనిషి, ఒక్కతే స్త్రీ.

ఇంకో సంగతి. ఈ బొమ్మలు వేసేనాటికి లారెన్స్ దక్షిణాదిని కళ్లతో చూడలేదు. అమ్మానాన్నల జ్ఞాపకాలే అతను చేసిన ప్రయాణం. 1941లో పెళ్లయ్యాక భార్యతో న్యూ ఆర్లియన్స్ పోయాడు. అక్కడ వేసిన 'బార్ అండ్ గ్రిల్' చూడండి. ఒకే సారాదుకాణం, మధ్యలో నేల నుంచి కప్పు దాకా గోడ. తెల్లవాళ్ల వైపు చోటూ ఉంది, పైన తిరిగే ఫ్యానూ ఉంది. నల్లవాళ్ల వైపు ఇరుకు, ఉక్క. మన టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన వాళ్లకు ఈ బొమ్మను ఎవరూ వివరించనక్కర లేదు. యాత్రకు పోయిన మరో చిత్రకారుడు ఆ ఊళ్లో సంగీతం చూసేవాడు. లారెన్స్ గోడను చూశాడు.

మరి 1964 మాటేమిటి? 1962లో ఒకసారి పోయొచ్చిన నైజీరియాకు, ఆ ఏడు భార్యతో కలిసి మళ్లీ పోయి ఎనిమిది నెలలు ఉన్నాడు. అక్కడ పుట్టిన వరసలో 'స్ట్రీట్ టు ఎంబారి' పేరున్నది. పెన్సిల్ గీతల మీద టెంపెరా. కొట్లు, బట్టల తానులు, సందు లేనంత జనం. ఎంబారి అంటే ఇబాదాన్‌లో 1961లో రచయితలు, కళాకారులు కలిసి పెట్టుకున్న క్లబ్బు. ఈ బొమ్మల్లో ఉరితాడు లేదు, పసుపు తాడు లేదు. మొదటిసారి జనం తమ సొంత వీధిలో తాము నడుస్తున్నారు. ఆ సంతోషం నిజమైనదే, దాన్ని మేము చిన్నచూపు చూడం.

అయినా ఒక లోటు చెప్పకపోతే విమర్శ కాదు. 'వలస'లో ప్రతి బొమ్మ కిందా ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఉంది. నైజీరియా బొమ్మల కింద ఆ వాక్యాలు లేవు. ఆ సంతలో సరుకెవరిది, అప్పెవరిది అన్నది తెలియదు. ఇక్కడ లారెన్స్ చుట్టం, కాపురస్తుడు కాదు. చుట్టానికి ఇంటి గొడవలు కనబడవు. పైగా 1962 ప్రయాణం వెనక ఉన్న అమెరికన్ సొసైటీ ఆఫ్ ఆఫ్రికన్ కల్చర్‌కు సీఐఏ డబ్బు అందిందని 1967లో బయటపడింది. దీన్ని బట్టి లారెన్స్‌ను సీఐఏ మనిషి అనడం దుర్మార్గం. కానీ పీడితుడు యాత్రికుడయినప్పుడు కూడా చార్జీ ఎవరో పెడతారని మరిచిపోకూడదు.

'వలస' వరస గతి కూడా చూడండి. 1942లో దాన్ని రెండు మ్యూజియాలు పంచుకున్నాయి. సరి సంఖ్య బొమ్మలు న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియానికి, బేసి సంఖ్యవి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ సంగ్రహానికి పోయాయి. ఒకే రంగు ముద్దలోంచి పుట్టిన 60 బొమ్మలు ఎవరైనా ప్రత్యేకంగా కలిపితే తప్ప ఒక్క గోడ మీద కనబడవు. కూలీలను గుంపులుగా విడదీసి తోలుకుపోయినట్టుంది మాకు.

పాలమూరు నుంచి డ్యాముల పనికి పోయిన కుటుంబాల పిల్లలు ఇవాళ మన కాలేజీల్లో ఉన్నారు. వాళ్లలో బొమ్మలేసేవాళ్లూ ఉన్నారు. కొత్త ఊళ్లు చూసి రమ్మని వాళ్లకు చెప్పేముందు, అమ్మానాన్నలు దిగిన స్టేషన్ల పేర్లు అడిగి రాసుకోమని చెబుదాం. ఎవరు తీసుకుపోయారు, ఎంత అడ్వాన్సిచ్చారు, ఎక్కడ పడుకోనిచ్చారు, అన్నీ రాసుకోమందాం. లారెన్స్ అట్లాగే ముందు వాక్యం రాసుకున్నాడు. రంగు తర్వాత కలిపాడు.