రావులపాలెంలో ఎన్ని అక్షరాలు?

రావులపాలెంలో రెండో తరగతి పిల్లాణ్ణి అడిగినా వేళ్లు మడిచి చెప్పేస్తాడు: రా, వు, ల, పా, లెం. ఐదు. అదే ప్రశ్న లైనక్స్ టెర్మినల్‌ని అడిగితే 31 అంటుంది. ఊరి పేరును ‘ఎకో’తో పలికించి, లెక్కలు చూసే ‘డబ్ల్యూసీ’ అనే చిన్న పనిముట్టుకు ‘-సి’ గుర్తు తగిలించి అందిస్తే వచ్చే అంకె అది. ‘-సి’ బదులు ‘-ఎం’ పెడితే 11. సరదాకి ప్రోగ్రాములు రాసుకునేవాళ్ల చదువు చాలాసార్లు ఇలాంటి పనికిమాలిన ప్రశ్నతోనే మొదలవుతుంది. పనికిమాలిందని వదిలేయకపోవడంలోనే ఉంది కిటుకంతా.

ఈ 31లో మాయేమీ లేదు. యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 గళ్లలో ‘ర’కు ఒక గడి, దీర్ఘానికి వేరే గడి, కొమ్ముకు ఇంకోటి, సున్నాకు మరోటి. అలా విడదీస్తే ‘రా’కు రెండు, ‘వు’కు రెండు, ‘ల’కు ఒకటి, ‘పా’కు రెండు, ‘లెం’కు మూడు, మొత్తం పది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గడి ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటుంది కాబట్టి 30. పలకడం అయిపోయాక ‘ఎకో’ తనంతట తానే కొత్త పంక్తికి దిగుతుంది, ఆ దిగుడుకు ఒకటి. లెక్క సరిపోయింది.

ఇంత చిన్న పనికి విడిగా ఒక ప్రోగ్రామెందుకు అనిపించవచ్చు. యునిక్స్ సంప్రదాయం పట్టుబట్టి చేసింది సరిగ్గా అదే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన ఆ వ్యవస్థలో ఒక్కో పనిముట్టుకు ఒక్కటే పని. వెతకడానికి ‘గ్రెప్’, వరసలో పెట్టడానికి ‘సార్ట్’, మార్చడానికి ‘సెడ్’. వాటిని కలపడమెలా అన్న ఆలోచన ఇంకా పాతది. అక్కడే పనిచేసే డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక కాగితం మీద రాసుకున్నాడు, తోటకు నీళ్లు పెట్టే గొట్టానికి ఇంకో ముక్క బిగించినట్టు ప్రోగ్రాములను ఒకదానికొకటి బిగించాలని. 1973లో అది నిజమైంది. కీబోర్డు మీద ‘పైపు’ అనే నిలువు గీత నొక్కితే ముందున్న ప్రోగ్రాము పారించింది వెనకున్నదానిలోకి పోతుంది. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లైనక్స్, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ పథకం పనిముట్లతో జతకట్టి ఆ అలవాటునే ఇంటింటి కంప్యూటర్‌కూ తెచ్చింది.

రావులపాలెం ఉన్న కోనసీమవాళ్లకు ఇందులో కొత్తేముంది? ధవళేశ్వరం దగ్గర ఆగిన గోదావరి బొబ్బర్లంక మీదుగా పెద్ద కాలువలోకి, అక్కణ్ణుంచి పంట కాలువలోకి, బోదెలోకి, చివరికి మడిలోకి వస్తుంది. మడిలో నీళ్లు తక్కువైతే రైతు గట్టెంట వెనక్కి నడుస్తూ ఎక్కడ తూము మూసుకుపోయిందో చూస్తాడు. పైపులు వాడేవాళ్లు చేసేదీ అదే నడక.

దగ్గర్నుంచి చూద్దాం. రావులపాలెం అరటి మార్కెట్లో ఒక గుమస్తా రోజూ వచ్చిన సరుకును మామూలు టెక్స్ట్ ఫైల్లో రాస్తున్నాడనుకుందాం, పంక్తికి ఒక లోడు: ‘కర్పూర,40,వ్యాన్’. రకం, గెలలు, తెచ్చిన బండి, మధ్యలో కామాలు. ఏ రకం ఎన్ని లోడ్లు వచ్చిందో తెలియాలి. మొదటి గడిని ‘కట్’ కోసి ఇస్తుంది. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే ఒక్కటిగా చేసి, ‘-సి’ అంటే ఎన్నిసార్లొచ్చిందో కూడా చెప్పే పనిముట్టు ‘యూనిక్’. ఈ రెంటినీ కలిపి వదిలితే ఇలా వస్తుంది:

1 కర్పూర
1 చక్కెరకేళి
2 కర్పూర
1 చక్కెరకేళి

కొత్తవాళ్లందరూ ఇక్కడే తల గోక్కుంటారు. కర్పూర రెండుసార్లెందుకు వచ్చింది? ‘యూనిక్’కు జ్ఞాపకశక్తి లేదు. పక్క పంక్తిని మాత్రమే చూస్తుంది. గెలలు కలిసిపోయి ఉంటే లెక్కపెట్టలేని మనిషిలాంటిది, ముందు రకాలవారీగా ఓ పక్కకు పేర్చి పెట్టాలి. మధ్యలో ‘సార్ట్’ బిగించగానే కర్పూర 3, చక్కెరకేళి 2 అని తేలుతుంది. జ్ఞాపకం లేకపోవడం లోపం కాదు. లక్ష పంక్తులొచ్చినా ‘యూనిక్’ బరువు పెరగదు.

ఇప్పుడు కొన్ని రోజుల లోడ్లన్నీ కలిపి బండ్ల లెక్క. మూడో గడి కోసి, వరసలో పెట్టి, లెక్కపెడితే:

6 లారీ
9 వ్యాన్
4 వ్యాన్‌

‘సార్ట్’ బిగించాం కదా, మళ్లీ రెండు వ్యాన్లేమిటి? కళ్లద్దాలు తుడుచుకుని చూసినా తేడా కనిపించదు. ఇక్కడే పైపు గొప్పతనం. చివరి ముక్క విప్పేసి, ఆ చోట దాగిన గుర్తుల్ని బయటపెట్టే ‘ఓడీ’ని బిగిస్తే రెండో ‘వ్యాన్‌’ చివర మూడు బైట్లు అదనంగా తేలతాయి. అది యూనికోడ్‌లో 200సి సంఖ్యగల అదృశ్య గుర్తు, పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారిపోకుండా అడ్డుపడేది. ‘సాఫ్ట్‌వేర్’ను విడివిడిగా చూపించాలంటే అది కావాలి. ‘వ్యాన్‌లో’ అని ఎక్కణ్ణుంచో కాపీ చేసి ‘లో’ చెరిపేస్తే మాత్రం తోక మిగిలిపోతుంది. ‘సెడ్’కు చెప్పి పంక్తి చివర ఉన్న ఆ గుర్తును మాత్రమే తీయించాలి. అన్ని చోట్లా తీసేస్తే సాఫ్ట్‌వేర్ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. పొద్దున్నే తప్పు లెక్క చూసుకుని చిరాకుపడే బదులు ఎక్కడ చెడిందో చూపించగల పద్ధతి ఇది. పెద్ద పెద్ద అకౌంటింగ్ ప్యాకేజీల్లో మధ్య ముక్క విప్పి చూసే వీలుండదు.

రోజూ ఇదంతా టైపు చేయక్కర్లేదు. పంక్తుల్ని ఒక ఫైల్లో దాచి, నడిపే అనుమతిస్తే అదే స్క్రిప్టు. రాత్రి పదింటికి దానంతటదే నడవాలంటే ‘క్రాన్’కు అప్పగించాలి. పదింటికి కరెంటు పోయి మిషన్ ఆగిపోతే ‘క్రాన్’ ఆ రోజు లెక్క తర్వాత వెతుక్కోదు. తప్పిపోయిన రోజువారీ పనిని మిషన్ లేచాక చేసే ‘అనాక్రాన్’ వేరే ఉంది. స్క్రిప్టులో ఫైళ్లు తీసేసే ‘ఆర్‌ఎం’ సంగతి మాత్రం ముందే తెలుసుకోవాలి. అది చెత్తబుట్టలో వేయదు, చెరిపేస్తుంది. ఫైలు పేరు మధ్యలో పొరపాటున ఒక ఖాళీ పడితే ఏమవుతుందో ఒక్కసారి అనుభవమైనవాళ్లు మళ్లీ మరచిపోరు.

తెలుగువాళ్లు ఈ సంప్రదాయాన్ని వాడుకుని ఊరుకోలేదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ అనే లైనక్స్ రకం పునాది మీద తెలుగు మెనూలతో ఒక ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది. తెలుగీకరించేవాళ్లు ఫైల్‌కు ‘దస్త్రం’ ఎంచుకున్నారు. పాత తాలూకా కచేరీల్లో కాగితాల కట్టకున్న పేరది, చక్కగా అతికింది. ‘సంచయం’ అంటే ఫోల్డరని మాత్రం ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సి వస్తుంది. టెర్మినల్‌లో ఆ బాధ లేదు. అక్కడి మాటలు ఇంగ్లీషు వాళ్లకీ కొత్తవే.

ఊరి పేరు దగ్గరికి మళ్లీ వస్తే, 1977లో పుట్టిన ‘ఆక్’ అనే పనిముట్టు ఉంది. దాన్ని రాసిన ముగ్గురిలో ఒకరైన బ్రయన్ కెర్నిగన్, ఎనభయ్యేళ్ల వయసులో, 2022లో, దానికి యూనికోడ్ నేర్పించాడు. అంతకుముందు ఆయన ‘ఆక్’ రావులపాలెం పొడవు 30 అనేది, ఇప్పుడు 10 అంటుంది. బడి పిల్లాడి ఐదు కావాలంటే ‘గ్రెప్’ను పెర్ల్ తరహాలో నడపాలి. వెనక గీత, పెద్ద ‘ఎక్స్’ ఇస్తే కంటికి ఒక్కటిగా కనిపించే ముక్కల్ని విడదీస్తుంది. రావులపాలేనికి ఐదూ వచ్చాయి. అదే ఊపులో పక్కనున్న పూతరేకుల ఆత్రేయపురాన్ని అడిగితే, పాత వెర్షన్లున్న మిషన్‌లో ఆరు వచ్చాయి. ‘త్రే’ను అది ‘త్’, ‘రే’ అని చీల్చేసింది. ఒత్తుతో కలిసినదాన్ని ఒక్కటిగానే చూడాలన్న నియమం తెలుగుతో సహా కొన్ని లిపులకు 2023లో, యూనికోడ్ 15.1తో గానీ రాలేదు. కాబట్టి ఆత్రేయపురంలో ఐదా, ఆరా అన్నది ఇప్పటికి ఎవరి మిషన్‌లో ఏ వెర్షన్ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.