రవి నాకెందుకు నచ్చలేదంటే

‘అంపశయ్య’ ఎట్లుందని తోటి టీచర్లు అడిగితే బాగా రాశారనే చెప్తాను. నచ్చిందా అంటే మాత్రం నచ్చలేదంటాను. ఈ రెండూ వేర్వేరు మాటలు.

1969లో వచ్చిన ఈ నవల దొంగరి మల్లయ్య గారిని అంపశయ్య నవీన్‌ను చేసింది. పుస్తకం పేరే ఇంటిపేరైంది. ఉస్మానియా హాస్టల్లో ఉండి చదువుకునే పల్లెటూరి యువకుడు రవి, ఒకే రోజులో పదహారు గంటలు, ఆ గంటల్లో అతని మనసులో తిరిగిందంతా. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ కూడా ఒక్క రోజు కథే. దీన్ని చైతన్య స్రవంతి అంటారు. ఇక్కడ కథ ‘అతను’ అని నడిచినా చెప్పే గొంతు రవిదే.

రవి పేదరికం నాకు కొత్త కాదు. ఇంటి నుంచి పైసలు రావు, ఉన్నవి చాలవు, పక్కవాళ్లను చూసి మనిషి లోపల్లోపలే కుంచించుకుపోతాడు. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చదివిన మనలో ఇది ఎవరికి తెలియదు? ఆ పేజీల దగ్గర రచయితకు దండం పెడతాను.

కానీ రవి తన బాధలోంచి తలెత్తడు. ఆడపిల్ల ఎదురైతే ముందు ఒళ్లే చూస్తాడు. ఆమెకేమైనా బాధ ఉందా అన్న ఆలోచన అతనికి రాదు. మనసు అట్లనే ఉంటుంది, అది నిజాయితీ అంటారు విమర్శకులు. కావచ్చు. మా అన్న బిడ్డ డిగ్రీ చదువుతోంది, నా దగ్గరే ఈ పుస్తకం తీసుకుంది. సగం చదివి తెచ్చిచ్చింది. “కాకా, బస్సుల నా పక్కన నిలబడ్డోడు గూడ ఇట్లనే అనుకుంటుంటడా?” అనడిగింది. ఆ నిజాయితీకి ధర కట్టింది ఆమె, రవి కాదు.

చెడ్డవాడు కథలో ఉండొద్దని నేననను. మన ప్రధాన్లు కీక్రి పట్టుకుని చెప్పే కథలో దేవుళ్లే తప్పు చేసి గుహలో బందీలవుతారు. మన పెద్దలు ఆ తప్పును దాచలేదు. అయితే బయట జంగుబాయి ఉంది, పహండి కుపార్ లింగాల్ ఉన్నాడు, గుహకు అడ్డం పెట్టిన బండ ఉంది. లోపలివాళ్ల ఏడుపు ఒక్కటే కథ కాదు. ‘అంపశయ్య’లో చదివేవాణ్ని రచయిత గుహలోకి తోసి బండ మూసేస్తాడు. రవి చూసిందే లోకం, అతను చూడనిది లేనట్టే. ఊళ్లో రవి తల్లి ఆ పదహారు గంటలు ఎట్లా గడిపిందో ఒక్క పేజీ ఉంటే నేనూ రవిని ఓర్చుకునేవాణ్నేమో.

సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ 1983లో వచ్చింది. దాంతో పోల్చి రవిని కొట్టేయడం న్యాయం కాదు. జోడేఘాట్‌లో పోరాడినవాణ్నీ పరీక్షకు భయపడేవాణ్నీ ఒకే తక్కెడలో ఎట్లా తూస్తాం? పైగా మన పిల్లల్లో భీం కంటే రవిలే ఎక్కువ. అందుకే అతని మీద నాకింత కోపం.

ఇంటి బెంగ, పైసల బెంగ ఉన్న పేజీలను తొమ్మిదో తరగతికి చదివి వినిపిస్తాను. పిల్లలు కదలకుండా వింటారు. తర్వాత ఏమైందని అడిగితే, ఇంకొన్నేళ్లాగి మీరే చదవండి, మీ అక్కచెల్లెళ్లను కూడా చదివి ఏమంటారో అడగండి అని చెప్తాను.